కొండలెక్కే జీపుకు శ్రుతి ఎంత?

వీణను శ్రుతి చెయ్యడమంటే తీగెలను బలంకొద్దీ బిగించడం కాదు. ఎంతవరకు బిగిస్తే స్వరం సరిగా పలుకుతుందో అంతవరకు బిగించి, అక్కడ చెయ్యి ఆపడం. ఇంగ్లీషులో ఈ పనినీ, మోటారు ఇంజనును సరిచేసే పనినీ ఒకే మాటతో ట్యూనింగ్ అంటారు. మన మెకానిక్కులూ ఆ మాటనే తీసుకున్నారు. కాని రానురాను మాట నిలిచింది గాని అర్థం మారింది. ఇప్పుడు బండికి ట్యూనింగ్ అంటే బిగించడమే. ఎంత బిగిస్తే అంత గొప్ప.

ఈ మాట ఈ మధ్య మధ్యతరగతి ఇళ్లలోకి కూడా వచ్చింది. ఒకప్పుడు పోలీసువారికీ, అటవీశాఖవారికీ, పెద్ద రైతులకూ మాత్రమే వుండే జీపు జాతి బండి ఇవాళ మామూలు సంసారుల వాకిట్లో నిలబడుతున్నది. వాయిదాల మీద కొన్న డీజిలు బండి. ఇంకా సగం వాయిదాలు కట్టవలసే వుంటాయి. ఒకనాటి సాయంత్రం అబ్బాయి కాఫీ తాగుతూ కబురు చెబుతాడు: “నాన్నగారూ, ఒక్క పూట పని. బండికి ముప్పై గుర్రాల బలం పెరుగుతుందిట. ఇంజను విప్పనైనా అక్కర్లేదుట!”

తండ్రి పేపరు దించి చూస్తాడు. వంటింట్లోంచి తల్లి అడుగుతుంది: “విప్పకుండా బలం ఎక్కణ్ణించి వస్తుందిరా?”

ఇంజనీర్లు కూడా ముందుగా వేసుకోవలసిన ప్రశ్న అదే. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. స్పానరు పట్టి బతికేవాణ్ణి కాను. అయినా ఈ ప్రశ్నకు సమాధానం అర్థం చేసుకోవడానికి ఇంజనీరింగు పట్టా అవసరం లేదు. పొయ్యి వెలిగించిన అనుభవం వుంటే చాలు.

నిప్పురవ్వ లేని నిప్పు

పెట్రోలు ఇంజనులో స్పార్కు ప్లగ్గు వుంటుంది. అది రవ్వ పుట్టిస్తే పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది. డీజిలు ఇంజనులో ఆ ఏర్పాటు లేదు. సైకిలు పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కడం అందరికీ తెలుసు. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. డీజిలు ఇంజను గాలిని దాదాపు పదహారో వంతుకో పదిహేడో వంతుకో నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకు గాలి 500 డిగ్రీల సెంటిగ్రేడుకు పైగా కాగిపోతుంది. సరిగ్గా ఆ క్షణాన నాజిల్ సన్నని తుంపరగా డీజిలు చిమ్ముతుంది. రవ్వతో పని లేకుండానే అది భగ్గుమంటుంది.

ఈ ఊహకు రూపం ఇచ్చిన జర్మను ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్. ఆయన పారిస్‌లో 1858లో పుట్టాడు. 1897లో ఆగ్స్‌బర్గు పట్టణంలో పరీక్షకు నిలబెట్టిన ఆయన ఇంజను ఇంధనంలోని వేడిలో నూటికి 26 వంతులు పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి ఇంజన్లు పది పన్నెండు వంతులు రాబడితే గొప్ప. డీజిలు పొదుపుకు పేరు తెచ్చుకున్నది అప్పటినుంచే.

ఇందులో మన కథకు కావలసిన కీలకం ఒకటుంది. డీజిలు ఇంజనులో బలం ఎంత అన్నది ప్రధానంగా ఎంత డీజిలు చిమ్మాము అన్నదాని మీద ఆధారపడుతుంది. మరి డీజిలు ఎక్కువ పోస్తే బలం పెరుగుతుంది కదా, అంతే కదా ట్యూనింగ్? అంతే, గాలి చాలినంతవరకు.

ఒక కిలో డీజిలు పూర్తిగా కాలాలంటే పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. ఇంకో విధంగా చెప్పాలంటే, ఒక్క లీటరు డీజిలుకు సుమారు పదివేల లీటర్ల గాలి. అదీ లెక్క ప్రకారం సరిపోయే గాలి మాత్రమే. పొగ లేకుండా కాలాలంటే అంతకన్నా కొంత ఎక్కువే వుండాలి. పొయ్యిలో కట్టెలు కుక్కి గొట్టంతో వూదకపోతే ఏమవుతుందో గృహిణులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంజనులోనూ అదే జరుగుతుంది. సైలెన్సరు నుంచి నల్లగా వచ్చే పొగ బలానికి గుర్తు కాదు. డబ్బు పెట్టి కొని, కాల్చకుండా బయటకు వదిలేసిన డీజిలు అది.

గాలి ఎక్కువ కావాలంటే వూదాలి. ఇంజనుకు వూదుడు గొట్టమే టర్బో. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. సైలెన్సరులోకి పోయే వేడి వాయువుతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీద వున్న రెండో చక్రం బయటి గాలిని ఇంజనులోకి నెడుతుంది. నేటి బండ్లలో ఈ చక్రం నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది. నెట్టిన గాలి వేడెక్కి పలచబడుతుంది గనుక దాన్ని చల్లబరచడానికి ఇంటర్‌కూలరు అనే జల్లెడ వంటి పెట్టె ముందు వుంటుంది.

కొండల మీద ఈ గాలి సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. సుమారు 900 మీటర్ల ఎత్తున వున్న అరకులో గాలి విశాఖపట్నం కన్నా నూటికి ఎనిమిది వంతులకు పైగా పలచన. లడఖ్‌లో 5,359 మీటర్ల ఎత్తున్న ఖార్దుంగ్ లా కనుమ దగ్గర ఇంచుమించు సగమే. టర్బో లేని పాత జీపు కొండెక్కుతూ ఆయాసపడి నల్లపొగ కక్కడం అందుకే. డీజిలు అంతే పోతున్నది, గాలి తగ్గిపోయింది.

ఒకటే ఇంజను, రెండు బలాలు

మన దేశంలో జీపు కథ స్వాతంత్ర్యం వచ్చిన రోజులలో మొదలైంది. అమెరికా విల్లీస్ జీపు భాగాలను తెప్పించి మహీంద్రావారు బొంబాయిలో కూర్చేవారు. తరువాతి కాలంలో వచ్చిన ఎమ్.ఎమ్. 540 జీపులో ఫ్రాన్సు దేశపు ప్యూజో డీజిలు ఇంజను వుండేది. 2,112 సి.సి. ఇంజను, 62 గుర్రాల బలం. 2010లో వచ్చిన మొదటి థార్‌లో రెండున్నర లీటర్ల డీజిలు ఇంజను 105 గుర్రాలు, 2020లో వచ్చిన రెండవ థార్‌లో 2.2 లీటర్ల ఇంజను 130 గుర్రాలు ఇచ్చాయి. ఇంజను పరిమాణం ఇంచుమించు అంతే. బలం మాత్రం ఎమ్.ఎమ్. 540కి రెండింతలు దాటింది.

ఇది ఎలా సాధ్యపడింది? టర్బో వల్ల గాలి పెరిగింది. కామన్ రైలు అనే పద్ధతి వల్ల డీజిలు చిమ్మే ఒత్తిడి పెరిగింది. పాత జీపు నాజిలు ఏ 150, 200 బార్ల ఒత్తిడి దగ్గరో తెరుచుకునేది. ఇప్పుడు 1,600 నుంచి 2,000 బార్లు మామూలు. కారు టైరులో వుండే గాలి ఒత్తిడి రెండు బార్లకు కాస్త ఎక్కువ, దానితో పోల్చుకోండి. ఒత్తిడి హెచ్చినకొద్దీ తుంపర సన్నబడుతుంది, సన్నబడినకొద్దీ బాగా కాలుతుంది.

ఇక తమాషా చూడండి. 2022లో వచ్చిన స్కార్పియో-ఎన్ బండిలో డీజిలు ఇంజను 2.2 లీటర్లదే. తక్కువ ధర బండిలో దాని బలం 132 గుర్రాలు. ఎక్కువ ధర బండిలో 175. అందులోనూ చేతి గేర్ల బండికి 370 న్యూటన్ మీటర్ల లాగుడు, ఆటోమాటిక్ గేర్ల బండికి 400. తయారుచేసినవారే ఒక ఇంజనుకు ఇన్ని శ్రుతులు పెడితే, బయటి షాపువాడు ఇంకో శ్రుతి పెడితే తప్పేమిటని కుర్రవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

జవాబు ఆ అంకెలలోనే వున్నది. గేరుబాక్సు మారితే లాగుడు అంకె మారింది చూశారా? ఇంజను ఒంటరిది కాదు. దాని వెనుక క్లచ్ ప్లేటు, గేరుబాక్సు, పొడుగు షాఫ్టులు, యాక్సిలు, ముందు రేడియేటరు వరుసగా నిలబడి వున్నాయి. తయారీదారు బలం పెంచదలిస్తే ఈ వరుసనంతా లెక్క చూసుకుని, నెలల తరబడి ఎండలోనూ మంచులోనూ నడిపి చూస్తాడు. ఒక పూటలో పని ముగించేవాడు వరుసలో మొదటివాణ్ణి మాత్రమే పలకరిస్తాడు.

నేల విడిచి సాము

అసలు రోడ్డు లేని చోట నడిచే బండికి ఏ బలం కావాలి? గుర్రాల లెక్క వేరు, లాగుడు వేరు. బిగుసుకున్న బోల్టు విప్పేటప్పుడు స్పానరు మీద పడే మెలితిప్పే బలమే లాగుడు. దాన్నే టార్క్ అంటారు. ఆ బలంతో ఎంత వేగంగా తిప్పగలమన్నది గుర్రాల లెక్క. 2020 నాటి థార్ డీజిలు తన గరిష్ఠ లాగుడు 300 న్యూటన్ మీటర్లను నిమిషానికి 1,600 చుట్ల నుంచి 2,800 వరకు ఇస్తుంది. 130 గుర్రాలు కనబడేది 3,750 చుట్ల దగ్గర. బురద కయ్యలో, బండరాళ్ల మీద ఎవరూ 3,750 చుట్లకు పోరు. పోతే చక్రం అక్కడే గిర్రున తిరిగి గుంట తవ్వుకుంటుంది. పట్టు లేని చోట బలం పెంచడం నేల విడిచి సాము చెయ్యడమే.

అంతకన్నా పెద్ద బలం బండిలో ముందే వుంది. చాలామంది దాని జోలికి పోరు. గేరు రాడ్డు పక్కన వుండే రెండో రాడ్డు, ఫోర్ బై ఫోర్ లో-గేరు. ఉజ్జాయింపుగా ఒక లెక్క వేద్దాం. ఇంజను దగ్గర 300 న్యూటన్ మీటర్లు వుంటే, మొదటి గేరు దాన్ని సుమారు నాలుగు రెట్లు, యాక్సిలు మరో నాలుగు రెట్లు చేస్తాయి. చక్రాల దగ్గరికి 4,800 చేరుతుంది. ట్యూనింగ్‌తో ఇంజను లాగుడు నూటికి ఇరవై పెంచామనుకోండి, అది 5,760 అవుతుంది. ఏమీ ఖర్చు పెట్టకుండా లో-గేరు వేస్తే? అది దాదాపు రెండున్నర రెట్లు. 12,000! పైగా బండి నత్తలా నడుస్తుంది గనుక ప్రతి రాయినీ చూసుకుని పోవచ్చు.

టైర్లలో గాలి సంగతి కూడా ఇంతే. ఇసుకలో దిగేముందు 30 పాయింట్ల గాలిని ఏ 18కో దించితే టైరు వెడల్పుగా పరుచుకుని ఒంటె పాదంలా నిలుస్తుంది. తిరిగి రోడ్డెక్కి వేగం అందుకునేముందు గాలి నింపుకోవాలి; అది మరిచిపోతే ప్రమాదం. ఇంత చేసినా చాలనివారే ఇంజను మాట ఎత్తడం న్యాయం.

గోటితో పోయేదానికి

“కొన్న కొత్తలో వున్న పికప్ ఇప్పుడు లేదండీ” అని వచ్చేవారికి చాలాసార్లు కావలసింది కొత్త బలం కాదు, పోయిన బలం. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

మొదటిది ఎయిర్ ఫిల్టరు. రెండు బండ్లు వరుసగా మట్టి బాటలో పోతే వెనుకదాని ఫిల్టరు ఒక్క రోజులో వారాల దుమ్ము మింగుతుంది. గాలి అందక పొగ పెరుగుతుంది. రెండవది డీజిలు ఫిల్టరు. దాని అడుగున చేరిన నీళ్లు ఎప్పటికప్పుడు వదలాలి. సన్నని నాజిల్ రంధ్రాలకు నీటిచుక్క శత్రువు. మూడవది టర్బో నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టాలు. కంటికి కనబడని సన్నని చీలిక వున్నా వూదిన గాలి దారిలోనే పోతుంది. నాలుగవది రేడియేటరు, ఇంటర్‌కూలరు రేకుల మధ్య ఎండిపోయిన బురద. బయట బండిని అద్దంలా కడిగించి లోపల దీన్ని వదిలేసేవారు చాలామంది.

అయిదవది అందరినీ మోసం చేసేది: పెద్ద టైర్లు. చూపుకు బాగుంటాయని కంపెనీవారివి తీసి పెద్దవి వేయిస్తారు. టైరు అడ్డుకొలత నూటికి పది పెరిగితే నేల మీద లాగుడు నూటికి తొమ్మిది తగ్గుతుంది. అంటే కొన్న బలంలో పదకొండో వంతుకు దగ్గరగా తమ చేతులతోనే పారబోసుకుని, మళ్లీ దాన్ని కొనుక్కోవడానికి ట్యూనింగ్ షాపుకు పోతున్నారన్నమాట.

పాత జీపులకు ఇంకో దారి వుంది. అందులో డీజిలును కొలిచి పోసేది పూర్తిగా యంత్రపు పంపు. బెంగుళూరు మైకో కంపెనీ పంపులూ, నాజిళ్లూ బాగుచేసే పంపు మేస్త్రీలు ప్రతి పట్టణంలోనూ వుండేవారు. ఇప్పటికీ లారీ అడ్డాల దగ్గర కనిపిస్తారు. వారు పంపును విప్పి, టెస్ట్ బెంచి మీద ఎక్కించి, నాలుగు సిలిండర్లకూ పోయే డీజిలు సమానంగా వుందో లేదో గాజు గొట్టాలలో పట్టి చూస్తారు. నాజిల్ ఎంత ఒత్తిడికి తెరుచుకుంటున్నదో, తుంపర పొగమంచులా పడుతున్నదో చుక్కలు కారుతున్నదో పరీక్షిస్తారు. తరువాత వాల్వుల సందు, డీజిలు చిమ్మే సమయం సరిచేస్తారు. అసలైన శ్రుతి అంటే ఇది. ఆ పంపు మీద పూర్తి లోడుకు డీజిలు హద్దును నిర్ణయించే ఒక స్క్రూ వుంటుంది; దానికి తీగె చుట్టి సీసపు ముద్ర వేసి వుంచుతారు. మంచి మేస్త్రీ ఆ ముద్ర జోలికి అంత త్వరగా పోడు. దాన్ని తెంచి అర చుట్టు తిప్పితే బండి ఉరుకుతుంది, నిజమే. కొన్నాళ్లకు బోరుకొస్తుంది, అదీ నిజమే.

పొగ రంగును బట్టి జబ్బు చెప్పడం కూడా ఆ మేస్త్రీల విద్యే. నల్ల పొగ అయితే గాలికి మించిన డీజిలు. నీలి పొగ అయితే ఇంజను ఆయిలు కాలుతున్నది. వేడెక్కిన తరువాత కూడా తెల్ల పొగ వదలకపోతే డీజిలు కాలకుండానే పోతున్నదనో, సిలిండరులోకి నీరు దిగుతున్నదనో అనుమానించాలి.

విప్పకుండా వచ్చే బలం

ఇక తల్లి అడిగిన ప్రశ్నకు వద్దాం. నేటి బండిలో పంపు స్క్రూ లేదు. దాని స్థానంలో ఇ.సి.యు. అనే చిన్న కంప్యూటరు వున్నది. దానిలోపల పంచాంగంలో వున్నట్టు గడులు గడులుగా పట్టికలుంటాయి. ఇంజను ఇన్ని చుట్లు తిరుగుతూ వుంటే, డ్రైవరు పెడలు ఇంత తొక్కితే, గాలి ఇంత చల్లగా వుంటే ఎంత డీజిలు, ఏ క్షణాన, ఎంత ఒత్తిడితో చిమ్మాలో, టర్బో ఎంత వూదాలో ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అంకె. ఆ అంకెలను మార్చి రాయడాన్నే రీమ్యాపింగ్ అంటున్నారు. స్పానరుతో పని లేదు, తీగె కలిపి అంకెలు మార్చడమే.

బలం వచ్చేది ఎక్కణ్ణించి అంటే, తయారీదారు వదిలివుంచిన మిగులు నుంచి. ఒకటే బండిని అతడు లడఖ్ చలిలోనూ రెంటచింతల ఎండలోనూ అమ్మాలి. కల్తీ డీజిలు పోసేవారుంటారు, సర్వీసు మరిచిపోయేవారుంటారు, నలుగురెక్కవలసిన బండిలో తొమ్మిదిమంది ఎక్కి ఘాటు రోడ్డు పట్టేవారుంటారు. వీటన్నిటికీ తట్టుకోవాలని ఇంజను శక్తిలో కొంత వాడకుండా వుంచుతాడు. ఆ మిగులు అప్పనంగా పడివున్న సొమ్ము కాదు. కరువు రోజులకని గాదెలో దాచిన గింజలు. జాగ్రత్తగల రీమ్యాపింగ్ అందులోంచి నాలుగు మానికలు తీసుకుంటుంది. ఆశపోతు రీమ్యాపింగ్ గాదె ఊడ్చేస్తుంది.

ఇంతకన్నా చవకది ట్యూనింగ్ బాక్సు. అది ఇ.సి.యు.కు, డీజిలు ఒత్తిడిని కొలిచే సెన్సారుకు నడుమ కూర్చుంటుంది. వున్న ఒత్తిడి కన్నా తక్కువ వుందని కంప్యూటరుకు చెబుతుంది. అయ్యో తగ్గిందే అని కంప్యూటరు ఒత్తిడి పెంచుతుంది. తప్పుడు తూకపురాళ్లతో వ్యాపారం లాంటిదన్నమాట. మోసపోయేది బండిలోని కంప్యూటరే అయినా, నష్టం పంపుకూ నాజిళ్లకూ.

వేడి లెక్క

ఇంజనును చంపేది బలం కాదు, వేడి. పిస్టను అల్యూమినియం మిశ్రమంతో చేసింది. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. పూర్తి బరువు మీద సైలెన్సరులోకి పోయే వాయువు వేడి ఆ అంకెను దాటగలదు. అయినా పిస్టను కరగదు. కారణం మంట క్షణమాత్రమే తగులుతుంది, వెంటనే చల్లగాలి లోపలికి వస్తుంది, అడుగునుంచి ఆయిలు చల్లబరుస్తూ వుంటుంది. ఈ మూడింటి సమతూకం మీద ప్రాణం నిలిచివుంది. డీజిలు పెంచి గాలి పెంచకపోతే ఆ తూకం తప్పుతుంది. అందుకే తెలిసినవారు ఎగ్జాస్టు వాయువు వేడిని చూపే మీటరు పెట్టించుకుని, అది నిలకడగా 700–750 డిగ్రీలు దాటకుండా చూసుకుంటారు. తెలిసినవారి వరుస కూడా ఇదే: ముందు గాలి, తరువాత చల్లదనం, చివరకు డీజిలు.

హైవే మీద ఓవర్‌టేక్ చెయ్యడానికి బలం వాడితే అది పది సెకన్ల పని. కొండ బాట అలా కాదు. అరగంటసేపు ఎడతెగని బరువు, నత్త నడక, రేడియేటరుకు ఎదురుగాలి తక్కువ, మే నెల ఎండ. రోడ్డు మీద భరించే ట్యూనింగ్ కొండ మీద భరించకపోవచ్చు. గట్టిగా ఎక్కించి వచ్చిన తరువాత ఇంజను టక్కున ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు ఊరికే తిరగనివ్వమని పెద్దవాళ్లు చెప్పేది కూడా ఇందుకే. ఎర్రగా కాగివున్న టర్బోకు ఆయిలు ఒక్కసారిగా ఆగితే లోపలే మాడి గసిలా పేరుకుంటుంది.

పందేలలో చూడలేదా అంటారు. చూశాం. 2009లో అర్జెంటీనా, చిలీ దేశాలలో జరిగిన డకార్ ర్యాలీని కార్ల వరుసలో మొట్టమొదటిసారిగా డీజిలు బండి గెలిచింది. అది వోక్స్‌వ్యాగన్ రేస్ టువారెగ్. రెండున్నర లీటర్ల ఇంజనుతో సుమారు 280 గుర్రాల బలం. ఎడారులనూ ఆండీస్ పర్వతాలనూ దాటింది. కాని ఆ బండి వెంట సామాను లారీలు, ఇంజనీర్లు నడిచారు. మామూలు మజిలీలలో రాత్రిపూట దాన్ని విప్పి చూసి, అలిసిన భాగాలను మార్చి, తెల్లవారేసరికి సిద్ధం చేశారు. మన వాకిట్లో బండికి ఆ పరివారం లేదు. మనకు వున్నదల్లా ఆదివారం ఒక్కటి.

పొగ ఎవరి ఇంటికి?

దీనిలో మన ఇంటి లెక్కతో తీరనిది ఒకటున్నది. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థ డీజిలు పొగను కేన్సరు కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజి ఆరు ప్రమాణాలు వచ్చాయి. డీజిలులో గంధకం పది లక్షల వంతులలో 50 నుంచి 10 వంతులకు దిగింది. బండ్లలో మసిని పట్టి కాల్చివేసే డి.పి.ఎఫ్. అనే జల్లెడ వచ్చింది. కొన్ని షాపులు బలం పేరుతో ముందుగా పీకేసేది ఆ జల్లెడనే. పొగను తిరిగి కొంత ఇంజనులోకి పంపే ఇ.జి.ఆర్. మార్గాన్ని మూసివేయడం కూడా వాడుకలో వుంది. బండి నడిపేవారికి ఆ పొగ తెలియదు. వెనుక స్కూటరు మీద పిల్లను బడికి తీసుకుపోయే తల్లికి తెలుస్తుంది.

కంప్యూటరులో అంకెలు మార్చి పొగను దాచడం ఎంత దూరం పోతుందో 2015 సెప్టెంబరులో లోకం చూసింది. వోక్స్‌వ్యాగన్ కంపెనీ డీజిలు కార్లు పరీక్షలో వున్నామని పసిగట్టి అప్పటికి మాత్రం బుద్ధిగా వుండేలా రాసిన ప్రోగ్రాము బయటపడింది. రోడ్డు మీద వాటి నైట్రోజను ఆక్సైడ్లు హద్దుకు నలభై రెట్ల వరకు వున్నాయని అమెరికా ప్రభుత్వ సంస్థ ప్రకటించింది. ప్రపంచమంతటా ఒక కోటి పది లక్షల బండ్ల వ్యవహారం అది.

చట్టం కూడా చూడాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ సంగతి గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం సవరించిన 182-ఏ సెక్షను కింద అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలుగాని, ఒక్కొక్క మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానాగాని, రెండూగాని వుండవచ్చు. గ్యారంటీ వున్న బండి అయితే అది పోతుంది. చెప్పకుండా మార్పు చేయించిన బండి ప్రమాదంలో పడితే ఇన్సూరెన్సు కంపెనీ అభ్యంతరం చెప్పవచ్చు.

అడగవలసిన ప్రశ్నలు

ఇంత చదివిన తరువాత కూడా చేయించదలిస్తే, షాపులోకి అడుగుపెట్టగానే ధర అడగకండి. ఈ అయిదూ అడగండి.

ఒకటి: ముందు బండిని డైనమోమీటరు మీద ఎక్కించి వున్న బలం కొలుస్తారా? కొలవని బలాన్ని పెంచామనడం గాలిలో దీపం పెట్టడమే.

రెండు: ఫిల్టర్లు, గొట్టాలు, నాజిళ్లు బాగున్నాయని చూసిన తరువాతనే మొదలుపెడతారా? జ్వరం వున్నవాడిచేత కసరత్తు చేయించకూడదు.

మూడు: క్లచ్చు, గేరుబాక్సు ఎంత లాగుడు తట్టుకుంటాయో అంకె చెప్పగలరా?

నాలుగు: డి.పి.ఎఫ్., ఇ.జి.ఆర్.లను ముట్టుకోకుండా, చట్టం ఒప్పుకునే పద్ధతిలో పని చేసి, చేసింది చేసినట్టు కాగితం మీద రాసి సంతకం పెడతారా?

అయిదు: అసలు అంకెలు భద్రంగా వుంచి, వద్దన్నప్పుడు తిరిగి పెడతారా?

ఈ అయిదింటికీ తడుముకోకుండా జవాబు చెప్పేవాడు దొరికితే అతడు శ్రుతి తెలిసినవాడు. నాలుగో ప్రశ్న దగ్గర నవ్వేసేవాడైతే నమస్కారం చెప్పి బయటకు రండి.

బొర్రా గుహల దాపున కటికి జలపాతానికి యాత్రికులను రాళ్ల బాట మీద తీసుకుపోయే జీపులున్నాయి. వాటిని నడిపేవారికి బండి సరదా కాదు, అన్నం. ఇంజను ఒక్క వారం షెడ్డులో పడితే ఇంట్లో పొయ్యి మీద దాని ప్రభావం కనబడుతుంది. అటువంటి బాట మీద బండి లో-గేరులో, తక్కువ రేసులో, గొణుక్కుంటున్నట్టు నెమ్మదిగా ఎక్కుతుంది. ఎక్కడా గర్జన వుండదు, పొగ వుండదు. ఎక్కవలసినవాళ్లందరినీ ఎక్కించుకుని పైకి పోతుంది, సాయంత్రానికి దింపుతుంది, మర్నాడు మళ్లీ బయలుదేరుతుంది.

మర్నాడు మళ్లీ బయలుదేరడమే కొండ బండికి కావలసిన బలం. మిగతాదంతా తీగె తెగేదాకా బిగించి, ఆ తెగిన చప్పుడునే సంగీతం అనుకోవడం.